ఈశాన్య మూల వరిదుబ్బు

నాకు కుదురు లేదని మా అమ్మ బతికున్నన్నాళ్ళూ అనేది. పెళ్ళయ్యాక ఆ పని మా ఆయన తీసుకున్నాడు. కూర్చున్న చోట కూర్చోలేను, విన్న మాట కడుపులో దాచుకోలేను, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆ ఏడు ధనుర్మాసంలో నేను కాలు కాలిన పిల్లిలా తిరిగానంటే అందుకు కారణముంది. చేలో పైరు మాడిపోతోంది. మాడ్చింది మా అన్నేనని మా ఆయన అంటున్నాడు. అది నిజమని తేలితే నాకు పుట్టిల్లు లేనట్టే.

అప్పటికి అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. పిల్లలింకా పుట్టలేదు. పుట్టిల్లంటే కాలవకు అవతలి ఊళ్ళో మా అన్న ఇల్లు, మా వదిన పెట్టే అన్నం. మా అన్నంటే నాకు ప్రాణం. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు అప్పుడూ సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు.

కోట ఊరు దాటి సముద్రం వైపు పోతే ఉప్పుకాలవ పక్కన ఉండేది మా పొలం. తూర్పున కాలవ కట్ట, ఉత్తరాన మా అన్న పొలం. పోటు వేళ సముద్రం నీళ్ళు ఆ కాలవలోకి ఎగదన్నుతాయి, పాటు వేళ దిగిపోతాయి. వానలకు చేలల్లో నిలిచిన నీళ్ళు కాలవలోకి పోవడానికి మా అన్న పొలం చివర, కట్టలో ఒక తూము ఉంది. దానికి చెక్క తలుపు. పాటుకు ఎత్తాలి, పోటుకు దించాలి. పోటు మీద ఎత్తారంటే నీళ్ళతోపాటు చేపలు కూడా లోపలి గుంటలోకి కొట్టుకొస్తాయి. ఆ ఆశతో తూములెత్తి పక్కవాడి చేను ఉప్పు చేసినవాళ్ళు, ఆపైన తలలు పగలగొట్టుకున్నవాళ్ళు మా వైపు ఊళ్ళల్లో ఉన్నారు. మా అన్నది మెరక, మాది పల్లం. ఉప్పునీళ్ళంటూ వస్తే ముందు తగిలేది మాకే.

ఆ ఏడు మొలకొలుకుల వరి నాటాం. మా అన్న నారు ఆలస్యమై మాకన్నా వెనక నాటాడు. మా పైరు కంకులు ఈనే వేళకు మంచు పట్టుకుంది. తెల్లారి పోయి చూస్తే చేనంతా పిండని గుడ్డలాగా ఉండేది. ముందు ఆకులు ఎండాయి, తర్వాత చేను అక్కడక్కడా నిప్పు తగిలినట్టు గోధుమరంగుకు తిరిగింది. మా ఆయన గట్టు మీద నిలబడి చాలాసేపు తూము వైపే చూశాడు.

“మీ అన్న తూమెత్తినాడు,” అన్నాడు చివరికి.

నేను ఒంటికాలి మీద లేచాను. నీకు పడిశం పట్టినా మా అన్నే కారణమంటావు, రేపు బర్రె పాలివ్వకపోయినా మా అన్న మీదే పడతావు అని నోటికొచ్చినట్టు కడిగేశాను. చెడ్డవాడు కాదు మా ఆయన, మొండివాడు. ఒక అనుమానం ఆయన బుర్రలో దిగిందంటే దాన్ని పెకలించడం ఎవరి తరమూ కాదు. అరిచేవాడితో ఎలాగోలా నెగ్గుకురావచ్చు, నోరు మూసుకుని నమ్మేవాడితో ఏం చేస్తాం?

అప్పట్లో బ్లాకు ఆఫీసులు కొత్తగా వచ్చాయి. మా ఊళ్ళకు ఒక గ్రామసేవక్ సేద్యం సలహాలు చెబుతూ సైకిలు మీద తిరుగుతుండేవాడు. ఆయన వచ్చి చేను చూశాడు. ఉప్పు దెబ్బ కావచ్చు, అగ్గి తెగులు కావచ్చు, కళ్ళతో చూసి చెప్పలేనన్నాడు. నెల్లూరులో మొక్కల రోగాలు పరీక్ష చేసే ప్రయోగశాల ఉంది, నాలుగు దుబ్బులు తీసుకుపోయి చూపించండి, తెగులని తేలితే మందుకొట్టే మిషనూ మైలుతుత్తమూ మా ఆఫీసు నుంచి ఇప్పిస్తానన్నాడు. ఎంత తొందరగా తేలితే అంత మంచిదని కూడా చెప్పి వెళ్ళాడు. ఆ తొందర అన్న మాట నన్ను పట్టుకుంది, ఇక వదలలేదు.

మా ఆయన మాత్రం దాన్ని ఒక శుభకార్యంలాగా చేశాడు. పొద్దున్నే స్నానం చేసి, చెప్పులు గట్టు మీద విడిచి, తూర్పుకు దణ్ణం పెట్టుకుని, చేలో ఈశాన్య మూలకు పోయి నాలుగు దుబ్బులు కోశాడు. మా పక్క అదే ఆచారం. నాటు మొదలయ్యేది ఆ మూలనే, కోతకు తొలి కొడవలి పడేదీ ఆ మూలనే, విత్తనానికి తొలి కంకి తీసేదీ అక్కడే. చేలో నుంచి ఏది ముందుగా బయటికి పోవాలన్నా ఈశాన్యం నుంచే పోవాలి. అది ఆలోచించి చేసే పని కాదు, కుడిచేత్తో అన్నం తిన్నట్టు జరిగిపోతుంది. నేను పక్కనే ఉన్నాను. దుబ్బులకు మట్టి దులిపి గోనెగుడ్డలో చుట్టి ఇచ్చింది నేనే. ఆ మూల కాలవ కట్టకు ఆనుకుని ఉందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

నెల్లూరులో దుబ్బులు తీసుకుని, వచ్చేవారం రమ్మన్నారట. ఆ వారం నేను మనిషిని కాదు. ఎసట్లో బియ్యం పోసి మంట పెట్టడం మరిచేదాన్ని. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేదాన్ని. ఒకరోజు ఆగలేక కాలవ దాటి మా అన్న దగ్గరికి పోయాను. ఎద్దులకు గడ్డి వేస్తున్నాడు. మా ఆయన ఇలా అంటున్నాడని అంతా చెప్పి, నువ్వు ఆ పని చెయ్యవని నాకు తెలుసులే అన్నా, ఆయనకే బుద్ధి లేదు అన్నాను. మా అన్న గడ్డి పరకలు సర్దుతూనే అన్నం తిన్నావా అని అడిగాడు. మనసు నొచ్చుకుందని, అందుకే మాట రాలేదని అనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా మా ఆయన్ని తిట్టుకుంటూ వచ్చాను.

వారం తిరిగాక మా ఆయన నెల్లూరు పోయి సాయంత్రం బస్సు దిగాడు. దిగినవాడు ఇంటికి రాకుండా బస్సు ఆగేచోట కాఫీ అంగడిలోకి పోయాడు. నేను అరుగు మీద నుంచి చూస్తూనే ఉన్నాను. అంగడి ముందు పదిమంది పోగయ్యారు. మా ఆయన గొంతు పెంచి మాట్లాడడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఆ మొక్కల్లో తెగులేమీ లేదట, ఆకుల కొసలు మాడింది ఉప్పువల్లనేనని సర్కారు వాళ్ళే చెప్పారట.

“నా చేలో ఉప్పు పోసినోడెవుడో మీకందరికీ తెలుసు,” అన్నాడు. “వాడు నాకు బావ కాదు, దొంగ.”

ఆ మాట కాలవ దాటి మా అన్న ఇంటికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. నా ఒళ్ళు భగ్గుమంది. ఇంటికొచ్చాక ఇద్దరం ఎంత పోట్లాడుకున్నామంటే పక్కింటివాళ్ళు తలుపులు వేసుకున్నారు. మాటలతో ఆయన వినేట్టు లేడని దేవుడి గూట్లో నుంచి కర్పూరం తెచ్చి, ఆయన ఎదుట వెలిగించి, అరచేత్తో ఆర్పి ఒట్టు పెట్టాను. మా అన్న తూము ముట్టలేదు, ముట్టి ఉంటే నా కళ్ళు పోవాలి అన్నాను. కర్పూరం ఆర్పిన ఒట్టంటే మా వైపు హద్దు తగాదాలు కూడా ఆగిపోతాయి. మా ఆయన నా అరచేతి వైపు చూశాడు, కానీ మెత్తబడలేదు.

“ఆ గడప తొక్కితే మళ్ళా ఈ గడప తొక్కబాక,” అన్నాడు.

తెల్లారీ తెల్లారకముందే చేలోకి పోయాను. ఏం చూద్దామని పోయానో నాకే తెలియదు, ఇంట్లో ఉండలేక పోయాను. గట్టు మీద నిలబడడానికి కూడా మనసొప్పక చీర ఎగదోపి బురదలో దిగి చేను నడిమికి నడిచాను. అక్కడ చూశాను. ఆకుల మీద మచ్చలు, రెండు కొసలూ సన్నగా, నడుమ ఉబ్బెత్తుగా, అచ్చం నూలు చుట్టిన కదురులాగా. మచ్చ మధ్య బూడిదరంగు, అంచు ఎర్రటి గోధుమరంగు. కొత్తగా ఈనిన కంకుల్లో కొన్నిటికి మెడ దగ్గర నల్లబడింది. పట్టుకుంటే పుటుక్కున విరిగింది.

అక్కడి నుంచి ఈశాన్య మూలకు పోయాను. అక్కడ ఆకుల కొసలు తెల్లగా ఎండి ఉన్నాయి గానీ ఒక్క మచ్చ లేదు. నేల మీద తెల్లటి పెచ్చు కట్టింది. మళ్ళీ నడిమికి వచ్చాను, మళ్ళీ మూలకు పోయాను. ఉప్పు తూము వైపు నుంచి కదా రావాలి, ఇంత దూరాన పడమటి గట్టు దాకా కంకి మెడలు ఎందుకు నల్లబడతాయి? నా బుర్రకు అప్పుడు తగిలింది. మా చేలో ఉన్నవి రెండు జబ్బులు, మేం చూపించింది ఒకటే. ఆ మూల సంగతేమిటంటే, తూము తలుపు పాతది, పోటుకు నీళ్ళు ఊరి ఉంటాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పరుగున ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన వినలేదు. పెద్ద చదువులు చదివినవాళ్ళు అద్దాలు పెట్టి చూసి చెప్పారు, నువ్వొచ్చావు పెద్ద, మీ అన్నను గట్టెక్కించడానికి ఎన్ని వేషాలైనా వేస్తావు అన్నాడు. సరే, అయితే నేనే పోతానన్నాను. చేలో నాలుగు వైపులా, నడిమినా తిరిగి పచ్చిగా ఉన్నవీ మచ్చలున్నవీ మెడ విరిగినవీ దుబ్బులతో సహా పీకి, పాత చీర పేలికలో మూట కట్టుకుని బస్సు ఆగేచోటికి బయల్దేరాను. ఆ కాలంలో మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒంటరిగా నెల్లూరు పోవడమంటే ఊరంతా నెల రోజులు చెప్పుకునే సంగతి. ఆ పరువుకు జడిసే మా ఆయన వెనక వచ్చి బస్సెక్కాడు. ఆయన ముందు సీట్లో, నేను ఆడవాళ్ళ సీట్లో. నెల్లూరు దాకా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ప్రయోగశాల అంటే ఏదో పెద్ద మేడ అనుకున్నాను. పొడుగాటి గది, స్పిరిటు వాసన, బల్లల మీద మూతలు పెట్టిన గాజు పళ్ళేలు, వాటిల్లో తడికాగితం మీద పరిచిన ఆకులు. అక్కడి ఆఫీసరు మా ఆయన్ని గుర్తుపట్టి, మళ్ళీ వచ్చారేమని అడిగాడు. నేను మూట విప్పి బల్ల మీద పెట్టాను. ఆయన ఒక ఆకు తీసి వెలుతురులో పట్టి చూశాడు, ఇంకోటి చూశాడు, తర్వాత కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“ఇవి అదే పొలంలోవా?” అన్నాడు.

అదేనన్నాడు మా ఆయన. మరి పోయినసారి తెచ్చినవి ఎక్కడ కోశారని అడిగితే, ఈశాన్య మూల కోశానన్నాడు. ఆ మూల పక్కన ఏముందని అడిగాడు. ఉప్పుకాలవ ఉందన్నాడు. ఎందుకు అక్కడే కోశారని అడిగాడు. మా ఆయనకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. పొలంలో ఏదైనా అక్కడినుంచి కాక ఇంకెక్కడినుంచి కోస్తారు అన్నట్టు చూశాడు. ఆఫీసరు నవ్వలేదు, కసురుకోలేదు. మీరు తెచ్చిన మొక్కలకు ఉప్పే తగిలింది, నేను చెప్పిందీ నిజమే, కానీ రోగం ఉన్నచోటి మొక్కలు నా దాకా రాలేదు అన్నాడు. ఈసారి ఎప్పుడైనా తెస్తే మూలనుంచి కాదు, సగం పచ్చగా సగం మచ్చలతో ఉన్నవాటిని, చేనంతా తిరిగి తీయాలని చెప్పాడు.

ఒక మచ్చను నీటిబొట్టులో గీకి, గాజుముక్క మీద పెట్టి యంత్రంలో చూశాడు. నేను ఆగలేక ఆయన భుజం దగ్గరికి పోయి నిలబడ్డాను. మా ఆయన వెనక్కి రమ్మని కళ్ళతో సైగ చేస్తున్నాడు, నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆఫీసరు పక్కకు జరిగి నన్ను చూడమన్నాడు. ఒక కన్ను మూసి కుదురుగా చూస్తే, ఒక చివర లావుగా, ఒక చివర సన్నగా, చిన్న చిన్న సొరకాయల్లాంటివి తేలుతున్నాయి. అదే బూజు, అదే అగ్గి తెగులు, గాలికి ఒక చేను నుంచి ఇంకో చేనుకు పోతుంది అన్నాడు.

ఇక ఏం చేయాలని అడిగాను. మెడ విరిగిన కంకులు పాలు పోసుకోవు, మీ చేలో దక్కేది తక్కువ, పక్కన ఇంకా ఈననివి ఉంటే వాటికి మందు కొట్టించండి అన్నాడు. మొదటిసారే ఇవి తెచ్చి ఉంటే అన్నాను, మాట పూర్తి కాలేదు. వారం ముందైతే చాలావరకు నిలబడేదని చెప్పి, చేతులు కడుక్కోవడానికి లేచాడు.

నేను గెలిచాను కదా, ఎగిరి గంతెయ్యాలి. తిరుగు బస్సెక్కి ఖాళీ పేలిక మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. చేను పోయింది. వారం రోజులు మా అన్న తూమెత్తాడా లేదా అని కొట్టుకున్నాం, ఆ వారంలోనే చేను పోయింది. ఈసారి మా ఆయన నా వెనక సీట్లోనే కూర్చున్నాడు. చాలా దూరం వచ్చాక, ఎవరితోనో అన్నట్టు, అందరూ ఆడనుంచే గదా కోసేది అన్నాడు.

కోటలో దిగి బ్లాకు ఆఫీసుకు పోయాం. గ్రామసేవక్ మందుకొట్టే మిషనూ మైలుతుత్తమూ ఇప్పించాడు. ముందు మన చేలో ఏ వైపు కొడదామని అడిగాను.

“మనదాంట్లో ఏముండాది ఇంక,” అన్నాడు మా ఆయన. “బావ చేను ఇంకా ఈనలా, పొట్టమీదే ఉండాది.”

మర్నాడు పొద్దున కుండల్లో మైలుతుత్తం నానబెట్టి, సున్నం నీళ్ళు కలిపి, మిషను భుజాన వేసుకుని మా అన్న గట్టు మీదికి పోయాం. మా అన్న పార పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. మొహం గడ్డం పెరిగి నల్లగా ఉంది.

“ఉప్పుక్కూడా మందు కనిపెట్టినారా?” అన్నాడు.

తెగులని, తన చేలో పుట్టి ఈ చేలోకి వస్తోందని, రెండు మాటల్లో చెప్పాడు మా ఆయన. మా అన్న కదల్లేదు.

“నన్ను దొంగన్నావు.”

“అన్నా.”

“పదిమందిలో అన్నావు.”

“అన్నా.”

ఇద్దరూ అలాగే నిలబడి ఒకరి కాళ్ళు ఒకరు చూసుకుంటున్నారు. ఈ మందు కలిపిన పూటే కొట్టాలి, రేపటికి పనికిరాదు, మీ పౌరుషాలు కంకులు ఎండాక తీరుబడిగా చూసుకోండి అని ఇద్దరినీ కలిపి ఉతికేశాను. మా అన్న పార గట్టున గుచ్చి, ఖాళీ కుండ తీసుకుని నీళ్ళకు పోయాడు.

పొద్దువాలే దాకా కొట్టాం. మా ఆయన మిషను మోస్తే మా అన్న నీళ్ళు తెచ్చాడు, నేను మందు కలిపి గుడ్డలో వడగట్టాను. పనికి కావలసిన మాటలు తప్ప వాళ్ళిద్దరి మధ్య ఇంకేం లేవు. చివరి కుండ అయిపోయాక, అమ్మే, ఇంటికి రండి, వదిన అన్నం వండింది అన్నాడు మా అన్న. రండి అన్నాడు, రా అనలేదు. వారం నుంచి గుండె మీద ఉన్న బండ ఎవరో ఎత్తి అవతల పెట్టినట్టు అనిపించింది నాకు.

మా వదిన పీటలు వేసి కంచాలు పెట్టింది. మా అన్న పెరటి తలుపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. మా ఆయన లోపలికి రాకుండా గడపలో ఆగాడు. చేతులు మోచేతుల దాకా మైలుతుత్తం నీలం.

“తూము నువ్వెత్తలేదు బావా,” అన్నాడు. “నేనే నోరు జారినా. రేపు అంగడికాడ గూడా ఇదే మాట చెప్తా.”

అంత మొండిమనిషి నోట ఆ మాట వినేసరికి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మా అన్న వైపు చూశాను. ఆయన చెంబు కింద పెట్టాడు గానీ ఇటు తిరగలేదు.

“ఎత్తినా,” అన్నాడు.

మా వదిన చేతిలో గరిటె ఆగిపోయింది.

“చేపలకని రెండు మూడు పోట్లు ఎత్తినా. ఆ మూల మాడింది నావల్లే. నువ్వు దొంగంటే అందుకే నాకు నోరు లేవలా. రేపు అంగడికాడ నువ్వేం చెప్పబాక.”

మా ఆయన కంచం విసిరి కొడతాడనుకున్నాను. మిషను తీసుకుని వెళ్ళిపోతాడనుకున్నాను. నా చెయ్యి పట్టి లాక్కుపోతాడని కూడా అనుకున్నాను. ఆయన కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ మూల ఎంతుందిలే బావా అంటూ లోపలికి వచ్చి పీట లాక్కుని కూర్చున్నాడు. మా అన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. పొద్దంతా నిలబడ్డావు, నువ్వు కూడా కూర్చో అని మా వదిన నన్ను మూడో పీట మీద కూర్చోబెట్టింది. మంచు ఇలాగే పడితే ఇంకోసారి మందు కొట్టాలా, కొడితే ఎన్నాళ్ళకు కొట్టాలి అని వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు. మా ఆయన ఇంకొంచెం పులుసు అడిగి పోయించుకున్నాడు. నేను ఒట్టు పెట్టిన సంగతి ఆయన ఎత్తలేదు, ఆ రోజే కాదు, బతికున్నన్నాళ్ళూ ఎత్తలేదు.

“ఏమ్మే, తినవా?” అన్నాడు మా అన్న.

తింటున్నానన్నాను. వాళ్ళిద్దరూ కడుపునిండా తిన్నారు. నాకు ముద్ద దిగలేదు.